మూడు షిఫ్టులు... ఒక్క బంతి

సంతోషంగా ఉండటానికి పుస్తకాలు బోలెడు సూత్రాలు చెబుతాయి. సైరన్ మోతతో రోజు మొదలై, అర్ధరాత్రి కంపెనీ బస్సు దిగితే గానీ ముగియని ఊళ్లకు వాటిలో పనికొచ్చేవెన్ని? సంగారెడ్డి, పటాన్‌చెరు పారిశ్రామికవాడ పక్క నుంచి ఈ వారం ముఖచిత్ర కథనం.

సంతోషంగా బతకడం ఎలాగో చెప్పే పుస్తకం ఏది తిరగేసినా మొదటి సలహా దాదాపు ఒక్కటే: తెల్లవారుజామున అయిదింటికి లేవండి. ఇస్మాయిల్‌ఖాన్‌పేటలాంటి ఊళ్లో ఆ వేళకు ఇళ్లలో ఏం జరుగుతుంటుందో చూడాలి. ఫస్ట్ షిఫ్టుకు పోయే ఆయన అప్పటికే తయారై బస్సు కోసం రోడ్డెక్కుతుంటాడు. ఆయనకు డబ్బా కట్టడానికి ఇల్లాలు నాలుగింటికే లేచి ఉంటుంది. నైట్ డ్యూటీకి పోయిన కొడుకు ఇంకా మిషన్ దగ్గరే ఉంటాడు. ఆరింటికి రిలీవర్ వస్తే తప్ప కదలలేడు. ఈ ముగ్గురిలో ఎవరిని లేపుదాం అయిదింటికి?

ఆ పుస్తకాలు రాసినవాళ్ల తప్పేం లేదు. తమ రోజు తమ చేతిలో ఉన్నవాళ్ల కోసం వాళ్లు రాశారు. రోజంతా డ్యూటీ చార్టు చేతిలో ఉన్నవాళ్ల సంగతి వేరు.

ఇస్మాయిల్‌ఖాన్‌పేట సంగారెడ్డి మండలంలోని ఊరు. బయటివాళ్లకు ఇక్కడి దుర్గాభవానీ క్షేత్రం వల్ల తెలుసు. సంగారెడ్డి దాటి హైదరాబాద్ వైపు పోతే కంది, పాశమైలారం, పటాన్‌చెరు, బొల్లారం. 1960ల్లో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ వచ్చింది. 1972లో పటాన్‌చెరులో పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వచ్చింది. ఆ తర్వాత మందుల కంపెనీలు, రసాయన కర్మాగారాలు, ఇనుము పరిశ్రమలు, ఎద్దుమైలారంలో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ. రెండు తరాల కింద ఇక్కడ పొద్దును బట్టి పని నడిచేది. ఇప్పుడు పనిని బట్టి పొద్దు నడుస్తోంది. ఆరు నుంచి రెండు, రెండు నుంచి పది, పది నుంచి మళ్లీ ఆరు. ఇంట్లో నలుగురుంటే నలుగురి తీరికా వేర్వేరు వేళల్లో.

అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం 1938లో మొదలుపెట్టిన ఒక అధ్యయనం ఇప్పటికీ నడుస్తోంది. కొన్ని వందల మంది జీవితాలను యవ్వనం నుంచి ముసలితనం దాకా వెంబడించి వాళ్లు చెప్పింది ఇది: మనిషిని ఆరోగ్యంగా, సంతోషంగా ఉంచడంలో హోదా, పేరు కన్నా దగ్గరివాళ్లతో ఉన్న సంబంధం ఎక్కువ పని చేస్తుంది. మరి దగ్గరివాళ్లు ఒకే కప్పు కింద ఉండీ ఒకరికొకరు దొరకకపోతే? ఈ పారిశ్రామికవాడలో అసలు చిక్కు అక్కడుంది. అందుకే ఇక్కడ పనికొచ్చే అలవాటేదైనా చివరికి ఒక్క పనే చేయాలి. ఇద్దరి తీరికను ఒకచోట కలపాలి.

కలిసి తింటున్నామనుకుంటున్నాం

ఏటా మార్చి 20న, అంతర్జాతీయ సంతోష దినోత్సవం వేళ, ప్రపంచ సంతోష నివేదిక వెలువడుతుంది. 2025 నివేదికలో 147 దేశాలకు గాను మనది 118వ స్థానం. ఫిన్లాండ్ వరసగా ఎనిమిదోసారి మొదట నిలిచింది. ర్యాంకుల గోల అటుంచితే, ఆ నివేదికలో భోజనం మీద ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. వారంలో ఎన్ని పూటలు తెలిసినవాళ్లతో కలిసి తింటున్నారన్న లెక్కకూ, ఆ మనిషి తన బతుకుతో ఎంత తృప్తిగా ఉన్నాడన్న దానికీ గట్టి ముడి కనిపించింది. ఆదాయానికి, ఉద్యోగానికి ఉన్నంత ముడి. అమెరికాలో 2023లో సుమారు నలుగురిలో ఒకరు ముందురోజు అన్ని పూటలూ ఒంటరిగానే తిన్నామన్నారు. 2003తో పోలిస్తే ఇది 53 శాతం ఎక్కువ.

అదంతా అమెరికావాళ్ల గొడవ అనుకుంటాం. కానీ కలిసి తినే పూటలు అన్నిటికన్నా తక్కువగా తేలిన ప్రాంతం అమెరికా కాదు, దక్షిణాసియా. అంటే మనమే.

బంతి భోజనాల గురించి, పిలిచి పెట్టడం గురించి గొప్పగా చెప్పుకునే మనకు ఈ మాట మింగుడుపడదు. వంటింటి గుమ్మం దగ్గర కాసేపు నిలబడితే పడుతుంది. ముందు బడికి పోయే పిల్లలు. తర్వాత డ్యూటీకి పోయే ఆయన. తర్వాత షుగర్ మాత్ర వేసుకోవాల్సిన అత్తమ్మ. అందరిదీ అయ్యాక, గిన్నెలో కూర ఎంత మిగిలిందో చూసుకుని, పొయ్యి పక్కనే కూర్చుని ఇల్లాలు. ‘నువ్వు గూడ కూసో’ అని ఎవరైనా అన్నా, ‘మీరు తినుండ్రి, నేను ఎన్కకెళ్లి తింట’ అంటుంది. ఆమెకు ఆకలి లేక కాదు. కూర్చుంటే మధ్యలో నాలుగుసార్లు లేవాల్సి వస్తుందని. పండుగకు వచ్చిన చుట్టాలతో కలిసి తింటాం. ఏడాది పొడుగునా వండిపెట్టే మనిషితో మాత్రం తినం.

కాబట్టి అలవాట్ల జాబితాలో మొదటిది ఇదే. వీక్లీ ఆఫ్ నాడు ఒక పూట ఇంటిల్లిపాదీ ఒకేసారి కూర్చోవాలి. గిన్నెలు, నీళ్ల చెంబు, ఊరగాయ జాడీ అన్నీ ముందే మధ్యలో పెట్టుకుంటే, ఎవరిది వాళ్లు వడ్డించుకుంటే ఆమె లేవాల్సిన పని ఉండదు. సెకండ్ షిఫ్టు వారాల్లో ఇంకో మార్గముంది. రెండింటి డ్యూటీకి బయల్దేరే ముందు, పన్నెండున్నరకు, ఆలుమగలిద్దరూ తీరిగ్గా కలిసి తినొచ్చు. రాత్రి పదకొండింటి దాకా ఆయన కోసం ఆమె కడుపు మాడ్చుకుని కూర్చోవడం కన్నా ఇది మేలు.

కంపెనీలో తినే పూటకూ ఇదే వర్తిస్తుంది. ఈ పారిశ్రామికవాడలో ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన కార్మికులు వేలల్లో ఉన్నారు. డబ్బా మూతలో కాస్త పచ్చిపులుసు పోసి అటు జరిపితే, అటు నుంచి ఆలూ చోఖా వస్తుంది. ఉల్లిగడ్డ, పచ్చిమిరప రెండింట్లోనూ ఉంటాయి. ముచ్చట మొదలవడానికి అంతకన్నా పరిచయం అక్కర్లేదు.

పోయేటప్పుడు కునుకు, వచ్చేటప్పుడు ముచ్చట

మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానమన్ బృందం 2004లో ఒక అధ్యయనం ప్రచురించింది. టెక్సస్‌లో ఉద్యోగాలు చేసే 909 మంది మహిళలను నిన్నటి రోజును ముక్కలు ముక్కలుగా గుర్తు చేసుకుని, ఒక్కో పని చేస్తున్నప్పుడు మనసెలా ఉందో రాయమన్నారు. పని అయ్యాక నలుగురితో గడపడం, రాత్రి భోజనం పై వరసలో నిలిచాయి. అట్టడుగున ఉన్నది పొద్దున పనికి పోయే ప్రయాణం. బస్సు సీటులో తల వాల్చి కూర్చున్న ఏ కార్మికుడినడిగినా అదే చెబుతాడు.

ప్రయాణం తప్పనప్పుడు దాన్ని కొంచెమైనా బాగు చేసుకునే వీలుందా? చికాగోలో రోజూ రైళ్లలో, బస్సుల్లో తిరిగేవాళ్ల మీద నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ చేసిన ప్రయోగాలు 2014లో వచ్చాయి. కొందరిని పక్క సీటు మనిషితో మాట్లాడమన్నారు, కొందరిని మౌనంగా కూర్చోమన్నారు. కొత్తవాళ్లతో మాట్లాడటం ఇబ్బందిగా ఉంటుందనే జనం అనుకున్నారు. తీరా చూస్తే మాట్లాడినవాళ్ల ప్రయాణమే హాయిగా గడిచింది.

మన కంపెనీ బస్సుల్లో ఇప్పుడు చెవులన్నీ ఇయర్‌ఫోన్లతో మూసుకుపోయి ఉంటాయి. మూడేళ్లుగా ఒకే సీటులో పక్కపక్కన కూర్చుని పోయేవాళ్లకు ఒకరి ఊరు ఒకరికి తెలియదు. పొద్దున పోయేటప్పుడు నిద్ర కావాలి, దాన్ని ఎవరూ చెడగొట్టకూడదు. వచ్చేటప్పుడు మాత్రం మొదటి పావుగంట ఫోన్ జేబులో ఉంచి ‘కిధర్ సే ఆయే భాయ్’ అని ఒక్క మాట అడిగితే చాలు. సూపర్‌వైజర్ సంగతి, ఓటీ లెక్కలు కంపెనీ గేటు దగ్గరే వదిలేసి, ఊరి సంగతులు, పిల్లల చదువులు మాట్లాడుకోవచ్చు.

నిద్ర ఇంటిల్లిపాది పని

సంతోషం గురించిన వ్యాసాల్లో నిద్రకు ఎప్పుడూ చివరి పేజీలో చోటు దొరుకుతుంది. నైట్ షిఫ్టు ఊళ్లలో దాన్ని ముందుకు తేవాలి. చీకట్లో నిద్రపోవడానికీ వెలుతురులో మేలుకోవడానికీ అలవాటుపడ్డ ఒంటికి ఉల్టా పని చెబితే అరుగుదల, రక్తపోటు, కోపతాపాలు అన్నీ గతి తప్పుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2007లో, శరీర గడియారాన్ని చెదరగొట్టే షిఫ్టు పనిని బహుశా క్యాన్సర్‌కు కారణమయ్యే వాటి వరసలో చేర్చింది. 2019లో రాత్రి షిఫ్టు పని గురించి మళ్లీ అదే మాట చెప్పింది. ఇంట్లో ‘ఈయనకు ఊకె కోపం’ అనుకునేదాంట్లో సగం కోపం కాదు, తీరని నిద్ర.

నైట్ చేసి వచ్చినవాళ్లు దారిలో ఎండ కళ్లలో పడకుండా టోపీ పెట్టుకోవచ్చు. వచ్చీ రాగానే టీవీ ముందు కూర్చోకుండా కొంచెం తిని పడుకోవాలి. కిటికీకి ముదురు రంగు గుడ్డ కట్టాలి. ఫోన్ ఆ గదిలో ఉండకూడదు. షిఫ్టు చివరి మూడు నాలుగు గంటల్లో చాయ్ మానేస్తే ఇంకా మంచిది. ఇవన్నీ ఆయన చేసుకునేవి.

అసలు పని మిగతావాళ్లది. ‘నైట్ జేసొచ్చిండు, సప్పుడు జేయకుండ్రి’ అని పిల్లలను వాకిట్లోకి తోలే నాయనమ్మ ఉన్న ఇల్లు అదృష్టవంతుల ఇల్లు. మిక్సీ పట్టడం, గ్యాస్ బుక్ చేయడం, బ్యాంకు పని అడగడం మధ్యాహ్నం రెండు దాకా ఆపితే కొంపలేం మునగవు. రాత్రంతా మేలుకున్న మనిషికి పగలు ఆరేడు గంటలు ఏకబిగిన నిద్ర దొరికితే, సాయంత్రం నాలుగింటికి పిల్లలకు దొరికేది చిరాకు పడని తండ్రి, విసుక్కోని తల్లి.

చేతిలో పని, పనిలో మనసు

మనస్తత్వ శాస్త్రవేత్తలు మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్, డేనియల్ గిల్బర్ట్ 2010లో ప్రచురించిన అధ్యయనం కోసం ఫోన్ల ద్వారా 2,250 మందిని రోజులో వేర్వేరు వేళల్లో పలకరించి, ‘ఇప్పుడు ఏం చేస్తున్నారు, మనసెక్కడుంది, ఎలా ఉన్నారు’ అని అడిగారు. దాదాపు 47 శాతం సార్లు చేసే పని ఒకటి, మనసులో తిరిగేది ఇంకొకటి. అలా మనసు ఎటో పోయినప్పుడు జనం తక్కువ సంతోషంగా ఉన్నారు. చేసే పని ఏదన్నది అంత తేడా తేలేదు.

మనసును పని దగ్గర నిలపడానికి ధ్యాన శిబిరాలకే పోనక్కర్లేదు. ఈ జిల్లాలో జొన్నరొట్టె చేసే ప్రతి మనిషికీ ఆ విద్య వచ్చు. మరిగే నీళ్లు పిండిలో పోసి, వేడి తగ్గకముందే పిసకాలి. ముద్దను పీట మీద పెట్టి, పొడిపిండి చల్లి, అరచేత్తో తడుతూ తిప్పాలి. అంచు పగులుతుంటే రెండో చేతి వేళ్లతో అద్దుతూ పోవాలి. పెనం మీద వేశాక తడిగుడ్డతో పైన నీళ్లు రాసి, ఆ తడి ఆరీ ఆరకముందే తిరగేయాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే పగుళ్లు, ముందైతే పచ్చి. ఫోన్ చూస్తూ జొన్నరొట్టె తట్టడం ఎవరి వల్లా కాదు. మగవాళ్లు వారానికి రెండు రొట్టెలు తట్టడం నేర్చుకుంటే మనసుకు పని దొరుకుతుంది, ఆమెకు కూర్చుని తినే వీలు చిక్కుతుంది. మొదటి నెల రొట్టెలు నాలుగు మూలలతో వస్తాయి. తినొచ్చు.

రొట్టె కుదరకపోతే మల్లెచెట్టుకు పాదు తీయడం, సైకిల్ తుడవడం, పాపకు జడ వేయడం. చేతులు రెండూ పట్టే పని ఏదైనా సరే. సంగారెడ్డిలోనే 1796 నాటి జైలు ఒకదాన్ని మ్యూజియంగా మార్చారు. 500 రూపాయలు కట్టి, ఖైదీ బట్టలు వేసుకుని, జైలు కూడు తిని ఒక రోజంతా అందులో ఉండే ఏర్పాటు 2016లో పెట్టారు. ఒక రోజు పాటు ఎటూ పోకుండా ఒకచోట ఉండటానికి మనుషులు డబ్బు కట్టారు. రోజుకు అరగంట ఇంటి వాకిట్లో ఉండటానికి పైసా ఖర్చు లేదు.

జీతం రోజు ఇరవై రూపాయలు

కెనడాలోని వాంకూవర్‌లో చేసి 2008లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, కొందరి చేతికి పొద్దున 5 డాలర్లో 20 డాలర్లో ఇచ్చి, సాయంత్రంలోగా ఖర్చు పెట్టమన్నారు. సగం మందిని తమ కోసం, సగం మందిని ఇతరుల కోసం. సాయంత్రానికి ఎక్కువ సంతోషంగా ఉన్నది ఇతరుల కోసం ఖర్చు పెట్టినవాళ్లు. అయిదిచ్చినా ఇరవై ఇచ్చినా తేడా కనబడలేదు.

జీతం పడ్డ రోజు గ్రూపు లోన్ కిస్తీ, కిరాణా బాకీ, ట్యూషన్ ఫీజు పోగా మిగిలేది అందరికీ తెలిసిందే. దానధర్మాలు చేయమని చెప్పడానికి ఈ ప్రస్తావన కాదు. ఇరవై రూపాయలు చాలు. గేటు దగ్గర వాచ్‌మన్‌కు ఒక చాయ్. మనవరాలితో కలిసి నడిచిపోయి కొనే ఒక ఐస్‌ఫ్రూట్. చేతికి ఇచ్చి, వాళ్ల ముఖం చూడటంలోనే ఆ సంతోషం ఉంది. ఫోన్‌పేలో పంపితే పైసలు చేరతాయి, ముఖం కనబడదు.

పెద్దవాళ్లు ఈ సంగతి ఎప్పుడో పట్టారు. దసరా సాయంత్రం పాలపిట్టను చూసి, జమ్మి ఆకు తెంపుకుని, ‘బంగారం’ అంటూ ఇల్లిల్లూ తిరుగుతారు. పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతారు, తోటివాళ్లకు ఇచ్చి అలాయ్ బలాయ్ తీసుకుంటారు. పొలం గట్టు దగ్గర మాట పడి ఏడాదిగా ఎడమొహం పెడమొహంగా ఉన్నవాళ్లకు కూడా ఆ సాయంత్రం ఒకరి గడప ఒకరు తొక్కడానికి సాకు దొరుకుతుంది. క్షమాపణ చెప్పడం ఎంత కష్టమో తెలిసినవాళ్లెవరో ఆ పని ఆకు మీదికి నెట్టేశారు.

పండుగలు పెట్టిన టైమ్‌టేబుల్

బతుకమ్మకు తొమ్మిది రోజులు. ఎంగిలిపూలతో మొదలై సద్దులతో ముగుస్తుంది. తంగేడు, గునుగు తెచ్చి, గునుగుకు రంగులద్ది, తాంబాళంలో వరసలు పేర్చే పని ఒక్కరి వల్ల అయ్యేది కాదు. ఒకరు కాడలు కత్తిరించాలి, ఒకరు రంగు కలపాలి, ఒకరు పేర్చాలి. రోజూ ఒకే వేళకు, ఒకే చోట, అదే వాడకట్టు మనుషులు. చివర్న సద్దులు, మలీద పంచుకుని తినడం. పైన చెప్పిన అధ్యయనాలన్నీ కోరే అంశాలు ఆ తొమ్మిది సాయంత్రాల్లో ఉన్నాయి. చిక్కల్లా మిగతా ఏడాదిలోనే.

ఏడాది పొడుగునా కలవడం ఎలాగో ఇదే జిల్లాలో ఇంకో మూల చూపించారు. జహీరాబాద్ వైపు పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో ఊరూరా ఆడవాళ్ల సంఘాలున్నాయి. ఎక్కువమంది దళిత మహిళలు. పగలంతా కూలి చేసి, రాత్రి వంట ముగించుకుని సంఘం దగ్గర కూర్చుంటారు. విత్తనాల సంగతి, అప్పుల సంగతి, ఇంట్లో కొట్లాటల సంగతి అన్నీ అక్కడే. విత్తనాలు ఒకరికొకరు ఇచ్చుకుని పాత చిరుధాన్యాలను నిలబెట్టారు. 2008లో సొంత రేడియో పెట్టుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజ్ అందుకున్నారు. అవార్డు సంగతి లోకమంతా చెప్పుకుంది. మన కథకు కావాల్సింది మాత్రం ఆ రాత్రి కూర్చోవడం. రోజు ఎంత బరువుగా గడిచినా కూర్చునే చోటూ వేళా తప్పకుండా ఉంటే, మిగతావన్నీ దాని వెంట వచ్చాయి.

అలవాట్ల వల్ల కాని పనులు

ఇంత చెప్పాక ఇంకో మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్రంగా కలుషితమైన పారిశ్రామిక ప్రాంతాల జాబితా వేస్తే పటాన్‌చెరు, బొల్లారం అందులో ఉన్నాయి. నక్కవాగు నీళ్ల కోసం, ఊళ్ల ఆరోగ్యం కోసం పటాన్‌చెరు డాక్టర్ కిషన్‌రావు దశాబ్దాల పాటు పోరాడారు. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి కర్మాగారంలో పేలుడు జరిగి నలభై మందికి పైగా కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. వాళ్లలో చాలామంది పొట్ట చేతపట్టుకుని ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. మంచి గాలి, భద్రమైన పని, సరైన కూలి ఉండాల్సిన చోట ‘మీరు సానుకూలంగా ఆలోచించండి’ అని చెప్పడం పని ఎగ్గొట్టడమే. అలవాట్లు మనిషి చేతిలో ఉన్నవాటిని చక్కబెడతాయి. మిగతావి అడిగి సాధించుకోవాల్సినవే. అడగడానికీ నలుగురు కలవాల్సిందే.

రెండు వారాలకు మించి ఏ పనీ చేయబుద్ధి కాక, నిద్ర పట్టక, బతుకు మీద విరక్తిగా ఉంటే అది అలవాట్లతో పోయేది కాదు, వైద్యం కావాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. తెలుగులో మాట్లాడతారు. నైట్ షిఫ్టు బ్రేకులోనూ చేయొచ్చు.

ఏ షిఫ్టుకు ఏ అలవాటు

ఫస్ట్ షిఫ్టు: రెండింటికి దిగి వచ్చాక ఒక కునుకు. సాయంత్రం పిల్లలతో చెరువు కట్ట దాకా నడక, ఫోన్ ఇంట్లోనే.

సెకండ్ షిఫ్టు: పన్నెండున్నరకు ఇంట్లో ఒకరితో కలిసి భోజనం. రాత్రి తిరుగు బస్సులో పక్క సీటుతో ముచ్చట.

నైట్ షిఫ్టు: పగటి నిద్రకు చీకటి గది. గంటగంటకూ రీడింగులు రాసే ఆపరేటర్లు, వారానికి ఒకసారి సొంత నోటుబుక్కులో ఆ వారం జరిగిన అయిదు మంచి విషయాలు కూడా రాసుకోవచ్చు. మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎమన్స్, మెకల్లో 2003లో ప్రచురించిన అధ్యయనంలో పది వారాల పాటు ఇలా రాయించి చూశారు. రాసినవాళ్లు తమ బతుకు మీద మెరుగైన అభిప్రాయంతో ఉన్నారు.

ఇంట్లో ఉండేవాళ్లు: రోజులో అరగంట ఎవరికీ ఏదీ అందించని సమయం. వాడకట్టులో ఒక స్నేహితురాలి ఇంటికి వారానికోసారి, పని లేకుండా.

షిఫ్టు మారినప్పుడల్లా అలవాటు తప్పుతుందని దిగులు వద్దు. యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 96 మందిని గమనించి 2009లో ప్రచురించిన లెక్క ప్రకారం ఒక అలవాటు కుదరడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18, కొందరికి 254 పట్టవచ్చని తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన చేసిందంతా వృథా కాలేదు. గడియారం వేళకు కాకుండా తప్పకుండా జరిగే ఒక పనికి అలవాటును కట్టేస్తే షిఫ్టు మారినా అది తెగదు: డబ్బా మూత తీసినప్పుడు, బస్సు దిగినప్పుడు, చెప్పులు విడిచినప్పుడు.

వీటిలో ఒక్కటే ఎంచుకోమంటే, వచ్చే వీక్లీ ఆఫ్ నాటి భోజనం ఎంచుకోండి. ముందురోజే ఇంట్లో అందరి డ్యూటీలు అడిగి వేళ ఖాయం చేయండి. ఆ పూట ఇల్లాలు వడ్డించకూడదు, చివర్న తినకూడదు. ఆమె పక్కన కూర్చుని మొదటి ముద్ద తిన్నాక, ఈ కథనంలోని మిగతా సలహాలు అవసరమో కాదో ఆమెనే అడగండి.